టైర్ల రాపిడి ఆగింది, సాయం చేసినవాళ్లకు నా కృతజ్ఞతలు

మా కారు టైర్లు ఇప్పుడు ఎక్కడా రాసుకోవడం లేదు. వెనక సీట్లో ముగ్గురిని కూర్చోబెట్టుకుని, డిక్కీలో సామాను పెట్టుకుని సింహాచలం ఘాటు రోడ్డు ఎక్కి దిగాం. స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకు పూర్తిగా తిప్పి చూశాం. చిన్న చప్పుడు కూడా రాలేదు. ఇందుకు నేను రుణపడ్డ వాళ్లందరికీ పేరుపేరునా దండం పెట్టాలని ఉంది కానీ, పేర్లు రాయొద్దని వాళ్లే అన్నారు. అందుకని పేర్లు లేకుండా రాస్తున్నాను. ఏ పని ఎందుకు చేశారో, ఏ పని ఎందుకు వద్దన్నారో మాత్రం పూర్తిగా చెబుతాను. ఇదే ఇబ్బందితో తిరుగుతున్నవాళ్లు మన విశాఖలో ఇంకా ఉంటారు, వాళ్లకు పనికొస్తుంది.

మాది చిన్న హ్యాచ్‌బ్యాక్. కంపెనీ నుంచి 185/65 ఆర్15 టైర్లతో వచ్చింది. ఇందులో 185 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 65 అంటే ఆ వెడల్పులో టైరు పక్కభాగం ఎత్తు ఎంత శాతమో, 15 అంటే రిమ్ము అంగుళాలు. మా బావమరిది దుబాయ్ నుంచి సెలవులకు వచ్చినప్పుడు ముచ్చటపడి 16 అంగుళాల అలాయ్ వీల్స్, వాటికి 205/55 టైర్లు వేయించి ఇచ్చాడు. చూడటానికి చాలా బాగుండేవి. నేనొక్కడినే వెళ్తే ఏ ఇబ్బందీ లేదు. అమ్మా, అత్తయ్యా, పిల్లలూ వెనక ఎక్కితే మాత్రం స్పీడు బ్రేకరు దిగిన ప్రతిసారీ వెనక చక్రం దగ్గర జర్రుమని గీసుకునేది. సందులో కారు తిప్పుకునేటప్పుడు ముందు ఎడమవైపు నుంచి గరగర వినిపించేది. మడ్‌గార్డు లోపల వేలు పెడితే నల్లటి రబ్బరు పొడి అంటుకునేది. చక్రాలు బిగించిన దుకాణంలో అడిగితే కొత్తలో అలాగే ఉంటుందనీ, అరిగాక అదే సర్దుకుంటుందనీ చెప్పి పంపించేశారు. తెలిసినవాళ్లలో ఒకరు స్పేసర్లు, అంటే చక్రానికీ అది బిగించే హబ్బుకీ మధ్య పెట్టే బిళ్లలు, వేయమన్నారు, ఇంకొకరు స్ప్రింగుల మధ్య రబ్బరు బఫర్లు పెట్టమన్నారు. ఎక్కువమంది చెప్పింది మాత్రం ఒకటే: మడ్‌గార్డు అంచుని లోపలికి మడిపించేసెయ్ అని.

ఆ పని కోసమే గాజువాక ఆటోనగర్‌లో టింకరింగ్ చేసే పెద్దాయన దగ్గరికి వెళ్లాను. నా మొదటి కృతజ్ఞత ఆయనకే. చేతికొచ్చిన పనిని ఆయన కాదన్నారు. వెనక చక్రం పైన ఉన్న అంచుని వేలితో ఒకసారి తడిమి, "ఏటి బాబూ, తప్పు చక్రంలో ఉంటే బాడీని కొట్టమంటావేటి?" అన్నారు. తర్వాత దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పారు. అక్కడ బయటి రేకూ లోపలి రేకూ కలిసి వెల్డింగ్ అయి ఉంటాయట. వాటి మధ్య నీళ్లు దిగకుండా సీలర్ పూసి ఉంటుంది. అంచు మడిస్తే పెయింటుతో పాటు ఆ సీలర్ కూడా చిట్లుతుంది. వేడి చేసి ఎంత జాగ్రత్తగా మడిచినా సన్నటి పగుళ్లు మిగిలే అవకాశం ఉంది. "మనది ఉప్పుగాలి ఊరు. పగుల్లోకి తడి దిగిందంటే లోపల్నుంచి తుప్పు తినేస్తాది. నీకు కనబడేసరికి రేకు ఉండదు." బీచ్ రోడ్డు పక్క అపార్టుమెంట్లలో ఆరుబయట ఉండే కార్ల అడుగుభాగం చూసినవాళ్లకి ఈ మాట విలువ తెలుస్తుంది. ముందు కొలిపించుకుని రమ్మని, కూర్మన్నపాలెంలో ఉండే ఒక బాబాయ్ గారి దగ్గరికి పంపించారు.

బాబాయ్ గారు స్టీలు ప్లాంటులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. వెర్నియర్ కాలిపర్, స్టీలు స్కేలు, ఒక సుద్దముక్క, ఇవే ఆయన పనిముట్లు. మా పాత చక్రాలు ఇంట్లోనే ఉండటం మంచిదైంది. వాటిలో ఒకటి, కొత్తది ఒకటి పక్కపక్కన బోర్లా పడుకోబెట్టి వెనకవైపు పోతపోసిన అంకెలు చదివారు. పాతదాని మీద 5.5 అంగుళాల వెడల్పు, ఈటీ 45. కొత్తదాని మీద 7 అంగుళాలు, ఈటీ 35. ఈటీ అంటే ఆఫ్‌సెట్. చక్రం వెడల్పులో సరిగ్గా మధ్యన గీత గీస్తే, ఆ గీత నుంచి హబ్బుకి ఆనే ముఖం ఎంత బయటికి ఉందో చెప్పే అంకె, మిల్లీమీటర్లలో. ఆ అంకె తగ్గిన కొద్దీ చక్రం కారు నుంచి బయటికి జరుగుతుంది.

గచ్చు మీద సుద్దతో ఆయన వేసిన లెక్క ఇంకా నా కళ్ల ముందుంది. 5.5 అంగుళాలంటే 139.7 మి.మీ., అందులో సగం 70కి కాస్త తక్కువ. దాంట్లోంచి 45 తీసేస్తే హబ్బు ముఖం దగ్గర నుంచి రిమ్ము అంచు 25 మి.మీ. బయట ఉన్నట్టు. 7 అంగుళాలు 177.8 మి.మీ., సగం 88.9, అందులో 35 పోతే 54. తేడా 29 మి.మీ. అంటే అంగుళం కన్నా ఎక్కువే బయటికి వచ్చేసింది చక్రం. లోపలివైపు లెక్క వేరే వేశారు, అటు కూడా 9 మి.మీ. జరిగింది. ఇక టైరు ఎత్తు. పాత టైరు అడ్డకొలత 621.5 మి.మీ., కొత్తది 631.9. చక్రం పైన ఉండే ఖాళీలో మరో 5 మి.మీ. అలా పోయింది. వెనక మనుషులు కూర్చుంటే కారు దిగి, టైరు భుజం, అంటే పక్కభాగం పైఅంచు, తిన్నగా వెళ్లి మడ్‌గార్డు అంచుకి తగులుతోంది.

స్పేసరు వేస్తే ఏమవుతుందని అడిగాను. స్పేసరు చక్రాన్ని ఇంకా బయటికి నెడుతుంది, లోపల సస్పెన్షన్ స్ట్రట్టుకి (చక్రం వెనక నిలువుగా ఉండే షాక్ అబ్జార్బరుకి) తగిలే చక్రానికైతే పనికొస్తుంది కానీ మనకి రోగం ముదురుతుంది అన్నారు. రబ్బరు బఫర్లు పెడితే స్ప్రింగు ఆడే చోటు తగ్గిపోయి, గతుకు పడ్డప్పుడు దెబ్బంతా బాడీకి తగులుతుంది. అదీగాక చక్రం బయటికి జరిగితే స్టీరింగు గతుకుల్లో చేతిలోంచి లాగడం, హబ్బు బేరింగుల మీద భారం పెరగడం కూడా ఉంటాయట. రాసుకోవడం ఆగినా ఇవి అలాగే మిగిలిపోతాయి. "చప్పుడు ఆపడం కాదు నాన్నా, చక్రాన్ని దాని చోటుకి పంపాలి" అన్నారు. నేను ఎవరికి ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా ఈ మాటకి చెప్పాల్సింది మిగిలే ఉంటుంది.

ఆయనే టైరు పక్కభాగం మీద పడ్డ గాడి చూపించారు. వెనక ఎడమ టైరు భుజం చుట్టూ రబ్బరు గీరుకుపోయి ఉంది. ఇంకొంచెం లోతైతే లోపలి దారాలు బయటపడతాయనీ, అలాంటి టైరు హైవే మీద వేడెక్కితే పేలిపోవచ్చనీ చెప్పారు. అమ్మావాళ్లను ఎక్కించుకుని ఆ టైరు మీదే తిరిగానని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఆ టైరుని ఆ రోజే తీయించేశాం.

తర్వాత మద్దిలపాలెంలో చక్రాల దుకాణం నడిపే తమ్ముడి వంతు. తను అమ్మిన సరుకు కాకపోయినా మా 7 అంగుళాల రిమ్ములు మంచి ధరకే తీసుకుని, 6.5 అంగుళాల వెడల్పు, ఈటీ 45 ఉన్న 16 అంగుళాల సెట్టు ఇచ్చాడు. బావమరిదికి ఫోన్ చేసి ఫొటోలు పంపితే, డిజైను ఇదే ఇంకా బాగుందని వాడే అన్నాడు. పాత కంపెనీ చక్రంతో పోలిస్తే ఇది బయటికీ లోపలికీ 13 మి.మీ. లోపే పెరుగుతుంది. టైరు 195/55 ఆర్16 వేశాం. దాని అడ్డకొలత 620.9, కంపెనీ టైరుకి దాదాపు సమానం, కాబట్టి స్పీడోమీటరు లెక్క కూడా మారదు. లోడు ఇండెక్స్ సంగతి ఆ తమ్ముడే గుర్తుచేశాడు. కంపెనీ టైరు మీద 88 ఉంది, అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది. ఈ సైజులో మామూలుగా వచ్చేది 87, అంటే 545 కిలోలు. "చాలుతుంది అన్నయ్యా, కానీ కంపెనీ అంకె కన్నా తగ్గకపోతేనే మంచిది" అంటూ 91 ఉన్న టైర్లు తెప్పించి వేశాడు. ఒక్కోటి 615 కిలోలు మోస్తుంది.

కొత్త చక్రాల మధ్య రంధ్రం 73.1 మి.మీ., మా కారు హబ్బు 54.1. ఆ తేడాకి రింగులు వేయకపోతే చక్రం నట్ల మీదే వేలాడి, హబ్బు మధ్యలో సరిగ్గా కూర్చోదు, వేగం పెరిగితే స్టీరింగు వణుకుతుంది. ఆ 7 అంగుళాల సెట్టుకి రింగులే లేవని అప్పుడు బయటపడింది. నేను హైవే మీద వణుకుని బ్యాలెన్సింగ్ లోపం అనుకుంటూ వచ్చాను. నట్లు కూడా రిమ్ములో గుంటకి సరిపడే కోను ఆకారంవి వేశాడు.

బిగించాక పరీక్ష బాబాయ్ గారి ఇంటి ముందే జరిగింది. ఎంత ఖాళీ మిగిలిందో చూడటానికి పిన్ని గారు చపాతీలకి కలిపిన గోధుమపిండి ముద్ద తెచ్చిచ్చారు. మడ్‌గార్డు అంచు లోపల చిన్న ముద్దలు అంటించి, వెనక సీట్లో పక్కింటివాళ్లని ముగ్గురిని కూర్చోబెట్టి, దగ్గర్లోని స్పీడు బ్రేకర్ల మీద నెమ్మదిగా నడిపాం. తిరిగొచ్చి వెర్నియర్‌తో కొలిస్తే బాగా నలిగిన ముద్ద కూడా 6 మి.మీ. మందం ఉంది. టైరు ఎంత పైకొచ్చినా అంచుకి ఆ మాత్రం దూరంలో ఆగిపోతోందన్నమాట. లోపలివైపు స్ట్రట్టుకీ టైరుకీ మధ్య 8 మి.మీ. ఖాళీ ఉంది. ఖర్చు లేని ఈ పరీక్ష ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. ఎక్కినవాళ్లు నిజంగా బరువు ఉండాలి, అంతే. పిల్లల్ని కూర్చోబెట్టి చూస్తే లెక్క తేలదు.

ముందు ఎడమవైపు మాత్రం స్టీరింగు పూర్తిగా తిప్పితే లైనర్, అంటే మడ్‌గార్డు లోపల ఉండే ప్లాస్టిక్ తొడుగు, ఇంకా కొంచెం తగులుతుండేది. తీసేసిన 205 టైరు లాగి లాగి దాని క్లిప్పులు ఊడగొట్టింది. మళ్లీ ఆటోనగర్ పెద్దాయన దగ్గరికే వెళ్లాను. కొత్త క్లిప్పులు వేసి, హీట్ గన్‌తో ఆ చోట లైనర్‌ని వెచ్చచేసి చేత్తో వెనక్కి నొక్కి పట్టుకున్నారు. చల్లారేదాకా వదల్లేదు. ఒక్క ముక్క కూడా కోయలేదు. తీసుకున్నది క్లిప్పుల డబ్బులే. తర్వాత అలైన్‌మెంట్ చేయించాం.

ఇది చదివేవాళ్లకి ఒక విన్నపం. చక్రాలు మార్చేముందు పాత చక్రం వెనకున్న వెడల్పు, ఈటీ అంకెల్ని ఫొటో తీసుకుని వెళ్లండి. దుకాణంలో "మీ కారుకి సరిపోతుంది" అంటే బోల్టు రంధ్రాలు కలుస్తాయని మాత్రమే కావచ్చు. నాలుగు బోల్టు రంధ్రాలు 100 మి.మీ. అడ్డకొలత వలయం మీద ఉన్న చక్రాలు ఎన్నో కార్లకి పడతాయి, ఆఫ్‌సెట్ మాత్రం ఏ కారుది దానిదే. రాపిడి మొదలైతే అది ఎప్పుడు వస్తుందో గమనించండి. స్టీరింగు తిప్పినప్పుడు వస్తే లైనరో బంపరు చివరో, బరువు వేసినప్పుడు వస్తే మడ్‌గార్డు అంచో అయి ఉంటుంది. బరువు లేకపోయినా, తిన్నగా వెళ్తున్నా వస్తే స్ట్రట్టు దగ్గర చూడండి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కూడా గుర్తుంచుకోండి. ఆర్‌సీలో వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని అది చెబుతుంది. ఇన్సూరెన్సు వాళ్లకి చక్రాల మార్పు ముందే తెలియజేయడం మంచిది, నేను తెలియజేశాను.

ఆటోనగర్ పెద్దాయనా, మీరు ఆ రోజు డబ్బు తీసుకుని అంచు మడిచేసి ఉంటే నాకు తెలిసేదే కాదు. మీకు నా నమస్కారాలు. తమ్ముడూ, నీ దుకాణానికి మా ఆఫీసులో ఇద్దరిని ఇప్పటికే పంపించాను. పిన్ని గారూ, ఆ రోజు మీ చేతి భోజనం మర్చిపోలేను. బాబాయ్ గారూ, మీరు చెప్పినట్టే వంద కిలోమీటర్లు తిరిగాక టార్క్ రెంచిని (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానాని) మాన్యువల్లో రాసిన అంకెకి పెట్టుకుని నట్లన్నీ మళ్లీ బిగించి చూశాను, ఒక్కటీ వదులవ్వలేదు. మీ టార్క్ రెంచి నా దగ్గరే ఉంది, ఆదివారం అమ్మతో కలిసి వచ్చి ఇచ్చేస్తాను.