రోబో బండి కొనే ముందు తలుపులు, లిఫ్టుల సంగతి చూడండి: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పరిపాలనా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ప్రభుత్వ ఆఫీసు భవనాల్లో ఉత్తరాలు, ఫైళ్లు పంచడానికి రోబో బండ్లు కొందామన్న ప్రతిపాదన మీ బల్ల మీదకు వస్తే, సంతకం పెట్టే ముందు ఈ లేఖ ఒకసారి చదవండి. నేను రోబోలకు వ్యతిరేకిని కాను. ఆఫీసుకు వచ్చే ఉత్తరాలు తీసుకుని నమోదు చేసే ఇన్‌వర్డ్ సెక్షన్‌లో చాలాకాలం పనిచేసిన మనిషిని. బరువైన కట్టలు మోస్తూ పొద్దస్తమానం వరండాలు తిరిగే పని యంత్రానికి అప్పగిస్తే నాకూ సంతోషమే.

అయితే ఇది నిన్న మొన్న పుట్టిన వింత అని ఎవరైనా చెబితే నమ్మకండి. మెయిల్‌మొబైల్ అనే బండి 1970లలోనే అమెరికా ఆఫీసుల్లో తిరిగింది. కార్పెట్ మీద కంటికి కనిపించని రసాయనంతో గీత వేసేవారు. బండి అడుగునున్న అతినీలలోహిత దీపం కాంతికి ఆ గీత మెరిసేది, దాని వెంటే బండి నడిచేది. చెప్పిన చోట ఆగి, చప్పుడు చేసి, కాసేపు ఉండి కదిలిపోయేది. సీట్లో ఉన్నవాళ్లే లేచి వచ్చి తమ కవర్లు తీసుకోవాలి. ఈనాటి బండ్లకు గీతతో పనిలేదు. లేజర్ కిరణాలతో చుట్టూ ఉన్న దూరాలు కొలుచుకుని, మ్యాపుతో సరిపోల్చుకుంటాయి. మనిషి అడ్డొస్తే ఆగుతాయి. కానీ కాగితం చేతికి అందుకోవాల్సింది ఇప్పటికీ మనిషే.

అసలు చిక్కు తలుపుల దగ్గర, లిఫ్టు దగ్గర వస్తుంది. నున్నటి నేల మీద, ఒకే అంతస్తులో డెమో చూపిస్తే ఏ బండైనా ముచ్చటగానే ఉంటుంది. మన భవనాల్లో గడపలుంటాయి, తోస్తే గానీ తెరుచుకోని తలుపులుంటాయి. లిఫ్టును పిలవాలంటే బండికీ లిఫ్టుకూ మధ్య సంకేతాలు నడిచే ఏర్పాటు ఉండాలి. పాత లిఫ్టుకైతే అదనపు పరికరాలు పెట్టాలి. ఆ ఖర్చు బండి ధరలో కనిపించదు. అందుకే ముందు ఆ డబ్బు తలుపులకు, ర్యాంపులకు, లిఫ్టులకు పెట్టమంటున్నాను. రోబో రాకపోయినా చక్రాల కుర్చీలో వచ్చే ఉద్యోగికి, అర్జీ పట్టుకొచ్చే వృద్ధుడికి దారి ఏర్పడుతుంది. నా లెక్కలో అది రోబో కన్నా పెద్ద లాభం.

రెండోది, అందినట్టు సంతకం. కోర్టు నోటీసో, సీల్డ్ కవరో ఎవరు ఎప్పుడు తీసుకున్నారో రికార్డు లేకపోతే, రేపు గొడవ వచ్చినప్పుడు బండిని నిలబెట్టి అడగలేం కదా! కాబట్టి బండిలో ప్రతి సెక్షన్‌కూ తాళం ఉన్న వేరే అర ఉండాలి. ఉద్యోగి కార్డు చూపిస్తేనే అది తెరుచుకోవాలి, ఆ సమయం నమోదు కావాలి. అంతవరకూ సీల్డ్ కవర్లు మనుషుల చేతుల మీదుగానే వెళ్లనివ్వండి.

ఫైర్ అలారం మోగితే బండి మెట్ల దారికి అడ్డం రాకుండా పక్కకు తప్పుకోవాలి. విడిభాగాలు, రిపేరు ఎన్నేళ్ల పాటు ఇస్తారో కంపెనీ చేత ఒప్పందంలోనే రాయించుకోవాలి.

ఇక అటెండర్ల మాట. బండి వచ్చిందని ఒక్క పోస్టు కూడా తగ్గించబోమని ఉత్తర్వులోనే రాయండి. బండిలో ఉత్తరాలు సర్దడం, దారిలో ఆగిపోతే కదిలించడం వాళ్లకే నేర్పించండి. ఏ గది ఎప్పుడు ఖాళీగా ఉంటుందో, ఏ తలుపు బిగుసుకుపోతుందో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. టెండరు పిలిచే ముందు వాళ్లను ఒకసారి కూర్చోబెట్టి మాట్లాడమని మనవి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉద్యోగి