నేల ఉసిరిని బోర్లా తిప్పి చూడాలి

సంపాదకులకు,

వానాకాలం వచ్చిందంటే పసిరికలకు (పచ్చకామెర్లకు) నేల ఉసిరి పసరు తాగించడం మన ఊళ్లల్లో మామూలే. అయితే చింతాకులాగ కనిపించిన ప్రతి మొక్కనూ పీక్కొస్తున్నారు. అంగట్లో దొరికే కట్టల్లోనూ రెండు మూడు జాతులు కలిసి వస్తుంటాయి.

అసలైన నేల ఉసిరి (ఫిల్లాంథస్ అమారస్) ఆకు సెంటీమీటరు లోపే, కోలగా, కొస మొద్దుగా ఉంటుంది. ఇంతటితో నమ్మొద్దు. పక్కపుల్లను బోర్లా తిప్పితే ఆకుల మొదట్లో ఆవగింజంత నున్నటి కాయలు సన్నటి తొడిమెలతో కిందికి వేలాడుతుంటాయి. చింతరెమ్మకు ఆకుల మధ్య పువ్వూ కాయా రావు. నేల ఉసిరి నడి కాండానికి ఆకులుండవు, పుల్ల మొలిచినచోట చిన్న పొలుసులే ఉంటాయి. సాయంత్రానికి ఆకులు ముడుచుకుంటాయి కాబట్టి పొద్దున చూడటం మేలు.

ఎక్కువ మోసం చేసేది దీని దగ్గరి చుట్టమే, ఫిల్లాంథస్ యూరినేరియా. దాని ఆకు అచ్చం ఇలాగే ఉంటుంది, కాయ మాత్రం తొడిమె లేనట్టు పుల్లకు అతుక్కొని గరుకుగా ఉంటుంది, కాండానికి ఎరుపు జీర. భూతద్దం పెడితే ఆకు అంచున నూగు కూడా తెలుస్తుంది. ఇంకో చుట్టం ఫిల్లాంథస్ మదరాస్పటెన్సిస్‌ను పట్టడం తేలిక: ఆకు మొదట్లో సన్నగా, కొసన వెడల్పుగా ఉంటుంది, నడి కాండానికీ ఆకులుంటాయి. గిల్లితే పాలు కారేది నానబాలు జాతి, పారేయండి.

ఎండిన కట్టలో ఆకులు రాలి సంచి అడుగుకు చేరతాయి. వాటిని గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి తెల్ల పళ్లెంలో పరిస్తే ఆకారం తేరుకుంటుంది. పొడి చేసి అమ్మేదాన్ని కంటితో పోల్చలేం, కొనకపోవడమే మంచిది.

ఇంకో మాట. పత్తి చేను గట్ల మీద కొన్ని రకాల గడ్డిమందు పడ్డ మొక్క రెండు మూడు రోజులు పచ్చగానే ఉంటుంది. అసలైన నేల ఉసిరే అయినా దాన్ని ముట్టొద్దు. కళ్లు పచ్చబడితే బిలిరుబిన్ (కామెర్లను తేల్చే రక్త) పరీక్ష ముందు, పసరు సంగతి తర్వాత.

వరంగల్ ఆయుర్వేద కళాశాల, కాకతీయ విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర విభాగం ఈ మూడు జాతులనూ వేరుతో సహా అట్టలకు అతికించి, జనం చూసేచోట పెడితే బాగుంటుంది. అతికించేటప్పుడు ఒక్క పుల్లనైనా కాయలు పైకి కనబడేలా బోర్లా పెట్టాలి.

ఒక వృక్షశాస్త్ర అధ్యాపకుడు,
హనుమకొండ