ఫిల్ముతో పాటు సీడీ ఎందుకివ్వరు?

సంపాదకులకు,

అయ్యా,

మెదడు శస్త్రచికిత్సల్లో న్యూరో నావిగేషన్ గురించి గత వారం మీ ఆరోగ్య పేజీలో వచ్చిన కథనం చదివితే, ఇక కోతా కుట్టూ లేవని, అంతా కంప్యూటరే చూసుకుంటుందని అనిపించేలా ఉంది. కంప్యూటరు దారి చూపుతుందే గాని కత్తి పట్టదు. ముందుగా తీసిన సీటీ, ఎంఆర్ఐ చిత్రాలను రోగి తలపై, ముఖంపై ఉన్న గుర్తులతో సరిపోల్చుకొని, వైద్యుని చేతిలోని పరికరం మొన ఎక్కడుందో పరారుణ కెమెరా ఆధారంగా తెరపై చూపడమే దాని పని. పుర్రె తెరిచి, మెదడు చుట్టూ ఉన్న ద్రవం జారిపోయాక మెదడు కొన్ని మిల్లీమీటర్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే కుంగుతుంది. అప్పటికి తెరపైని చిత్రం పాతబడినట్లే, ఆపై వైద్యుని కన్నూ అనుభవమే దిక్కు. తలకు కొలతల చట్రం బిగించనక్కరలేకుండా ఇలా దారి చూపే పద్ధతిని 1986లో అమెరికాలో డేవిడ్ రాబర్ట్స్ బృందం ప్రకటించింది. నలభై ఏళ్ల నాటి సంగతిని నిన్నటి వింతగా రాయడం మీ పత్రిక స్థాయికి తగునా?

అసలు విషయానికి వస్తాను. ఆ యంత్రానికి కావలసింది సన్నని పొరలుగా తీసిన స్కాను డిజిటల్ సమాచారం; అది సీడీలో ఇవ్వవచ్చు, ఫిల్ములో ఉండదు. ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడి వైపు రోగి చేతికి వచ్చేది ఫిల్ము. ఆ పెద్ద కవరును చంకన పెట్టుకొని, పాతపట్నం దాటి విశాఖకో, ఇటు బరంపురానికో చేరితే, అక్కడి డాక్టరుగారు ఫిల్మును వెలుతురుకెత్తి చూసి, "సీడీ ఏది?" అంటారు. మా బంధువు ఒకరికి ఇదే జరిగింది. స్కాను తీసిన కేంద్రానికి ఫోను చేస్తే, "మా దగ్గర ఆ పద్ధతి లేదండీ" అని పెట్టేశారు. మళ్లీ స్కాను, మళ్లీ డబ్బు. నావిగేషన్ కోసం ప్రత్యేకంగా మరోసారి తీయవలసిన సందర్భాలు ఉంటాయని నాకూ తెలుసు; అయినా కణితి పెరిగిందో లేదో పోల్చి చూడటానికైనా మొదటిది ఉండాలి కదా! మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్నట్లుంది మన ఆధునిక వైద్యం.

ఇక అధికారుల సంగతి. 1936లో ఒడిశా ఏర్పడి మమ్మల్ని అటు చేర్చిన నాటి నుంచీ మాది ఇదే వరస: ఇక్కడ అడిగితే సరిహద్దు అవతలికి వేలు చూపిస్తారు, అక్కడ అడిగితే మీ కార్డు ఏ రాష్ట్రానిదంటారు. ఎన్నికలప్పుడు మాత్రం తెలుగులోనే దండాలు పెడతారు.

స్కాను తీసిన ప్రతి కేంద్రమూ అదనపు రుసుము లేకుండా ఫిల్ముతో పాటు సీడీ ఇవ్వాలని, ఇచ్చినట్లు రసీదులో రాయాలని రెండు ప్రభుత్వాలూ ఉత్తర్వులివ్వాలి. ఒక సీడీకి అయ్యే ఖర్చెంతని? మీ విలేకరిని ఒకసారి మా వైపు పంపి సీడీ అడిగించండి. వచ్చిన జవాబును అదే ఆరోగ్య పేజీలో అచ్చు వేయండి.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా