సంజీవయ్య పార్కు ఒడ్డున నాకు పాఠం చెప్పిన డాక్టర్ గారికి

నిన్న రాత్రి క్యాజువాలిటీ డ్యూటీతో నా హౌస్ సర్జన్సీ పూర్తయింది. ఇంకా నిద్రపోలేదు. పడుకునే ముందే ఈ నాలుగు మాటలు రాయకపోతే ఋణం అలాగే ఉండిపోతుందనిపిస్తోంది.

హుస్సేన్‌సాగర్‌లో రోయింగ్ చేస్తూ ఎంబీబీఎస్ చదివాను. రెండో సంవత్సరంలో రాష్ట్రం తరఫున పోటీలకు వెళ్లి పతకంతో తిరిగివచ్చేసరికి, హాజరు చాలలేదని నోటీసు బోర్డులో నా పేరు పెట్టారు. థియరీకి 75 శాతం, ప్రాక్టికల్స్‌కు 80 శాతం ఉండాలన్న నియమాన్ని నేను కాదనను. కానీ నన్ను పోటీలకు పంపమని వచ్చిన లేఖను విప్పి చూడకుండానే నా చేతికి తిరిగిచ్చినవారు, తర్వాత అదే పతకంతో ఉన్న నా ఫొటోను కళాశాల సంచికలో వేసుకున్నారు. ఆ బాధ ఈనాటికీ తగ్గలేదు.

మర్నాడు తెల్లవారుజామున పడవ దింపకుండా జెట్టీ మీద కూర్చుని ఏడుస్తుంటే, నడకకు వచ్చిన ఒక పెద్దాయన ఆగి, "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగారు. జిల్లా ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన వైద్యుడట. నా గోడంతా విని వెళ్లిపోయారు. మరుసటి రోజు అమెరికా రోయింగ్ క్రీడాకారిణి, వైద్యురాలు జెవీ స్టోన్ గురించి నాలుగు కాగితాలు ప్రింటు తీయించి, పెన్సిల్‌తో గీతలు పెట్టి తెచ్చారు. ఆమె బోస్టన్‌లో తండ్రి గ్రెగ్ శిక్షణలో సాధన చేశారు. తల్లి లీసా, మహిళల రోయింగ్‌ను ఒలింపిక్స్‌లో తొలిసారి చేర్చిన 1976లోనే మాంట్రియల్‌లో పోటీపడ్డారు. స్టోన్ వైద్యవిద్యకు విరామమిచ్చి 2012లో లండన్ ఒలింపిక్స్‌కు వెళ్లి ఏడో స్థానంతో తిరిగివచ్చారు, 2014లో టఫ్ట్స్ విశ్వవిద్యాలయం నుంచి పట్టా పుచ్చుకున్నారు, రెసిడెన్సీని, అంటే పట్టా తర్వాత ఆసుపత్రిలో చేసే శిక్షణను, వాయిదా వేసుకుని 2016 రియోలో ఒక్కరే పడవ నడిపే సింగిల్ స్కల్స్ పోటీలో రజతం గెలిచారు, ఆ తర్వాత ఎమర్జెన్సీ వైద్యంలో చేరారు. పెద్దాయన రెండు గీతలు పెట్టిన చోటు, ఏడో స్థానంతో వచ్చి మళ్లీ తరగతిలో కూర్చున్న వాక్యం.

"ఆ అమ్మాయికి వెసులుబాటు ఇచ్చిన కళాశాల ఉంది. నీకు లేదు కాబట్టి ఆ లోటు మనం పొద్దునపూట పూడ్చుకుందాం" అన్నారు. సప్లిమెంటరీ పరీక్షల దాకా ప్రతిరోజూ అయిదున్నరకల్లా వచ్చి, నేను పడవను ఒడ్డుకు చేర్చి తుడిచేంతసేపూ పాథాలజీ, ఫార్మకాలజీ ప్రశ్నలు అడుగుతూనే ఉండేవారు. పేరు అడిగితే, "డాక్టర్ గారు అను చాలు, రేపు నిన్నూ అలాగే పిలుస్తారు" అనేవారు. పరీక్షల ముందురోజు మాత్రం, చిన్నతనంలో గోదావరి రేవులో మునిగి బతికాననీ, అప్పటినుంచీ నీళ్ల దగ్గరికి రావాలంటే భయమనీ చెప్పారు. అడుగు వేస్తే ఊగే ఆ జెట్టీ మీద అన్ని నెలలు కూర్చున్న మనిషి చెప్పిన ఆ మాటకు నాకు నోట మాట రాలేదు, కనీసం నమస్కారం కూడా పెట్టలేకపోయాను.

ఆ తర్వాత ఆయన కనిపించలేదు. కూతురి ఊరికి వెళ్లారని వాచ్‌మన్ చెప్పాడు. నిన్న రాత్రి ఒక ముసలమ్మ "డాక్టర్ గారూ" అని పిలిచినప్పుడు పక్కకు వెళ్లి కళ్లు తుడుచుకుని వచ్చాను. ఆయన ఎవరికైనా తెలిస్తే, ఆ అమ్మాయి చదువు పూర్తయిందని దయచేసి చెప్పండి.

అమ్మకు, నాన్నకు, అన్నయ్యకు నేను వేరే చెప్పనక్కరలేదు.

మరిచాను, నా రికార్డులకు బొమ్మలు వేసిపెట్టిన రూమ్మేటుకు, ఆలస్యమైన రోజుల్లో అన్నం మూతపెట్టి ఉంచిన మెస్ అక్కకు కూడా కృతజ్ఞతలు. చీకట్లో గేటు తీసిన వాచ్‌మన్ యాదగిరి అన్నకు కూడా.