పేరు పెడితే మనిషి పేరు పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

పోలీసు అమరవీరుల సంస్మరణ దినం నాటి సభలో, మన విశాఖ మధ్యగా పోయే జాతీయ రహదారికి ‘పోలీసు అమరవీరుల మార్గం’ అని పేరు పెట్టించే పూచీ తనదని ఒక ప్రజాప్రతినిధి ప్రకటించినట్లు మీ పత్రిక జిల్లా పేజీలో చదివి పది రోజులు దాటింది. మర్నాడే రాయవలసింది, నాకంటే ముందు ఎవరో ఒకరు అడుగుతారులే అని ఊరుకున్నాను. ఎవరూ అడగలేదు కనుక నేనే అడుగుతున్నాను: ఆ అమరవీరులకు పేర్లు లేవా?

1959 అక్టోబరు 21న లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో 10 మంది కేంద్ర రిజర్వు పోలీసులు నేలకొరిగిన రోజును దేశమంతా తలచుకోవడం సబబే. ఆ రోజు పరేడ్‌కు నేనూ వెళుతుంటాను. ఏడాది కాలంలో దేశం నలుమూలలా విధి నిర్వహణలో పోయినవారి పేర్లను అక్కడ వరుసగా చదువుతారు. చదివే అధికారి ఈశాన్య రాష్ట్రాల పేర్ల దగ్గర నోరు తిరగక తడబడతాడు, ఆగుతాడు, మళ్లీ మొదటినుంచి పలుకుతాడు. ఆ తడబాటులో ఉన్న మర్యాద ‘అమరవీరులు’ అనే గంపగుత్త మాటలో నాకు కనిపించదు.

మన ఊళ్లో పేర్ల సంగతి తెలియనిదెవరికి? సినిమా హాలు పేరు మీద జగదాంబ జంక్షన్ నిలిచింది. ద్వారకా బస్ స్టేషన్ అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా ఆటో ఎక్కినవాడు ‘కాంప్లెక్స్’ అనే అంటాడు. అక్కయ్యపాలెంలో కొలతకే పేరు దక్కి 80 అడుగుల రోడ్డయింది. వీఐపీ రోడ్డు కూడా ఉంది. ఆ వీఐపీ ఎవరో ఇప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు. 2010లో జాతీయ రహదారుల నంబర్లు మార్చి 5ను 16 చేసినా మా ఇసుకతోటలో ఇంకా పాత నంబరుతోనే చిరునామా చెప్పేవారున్నారు. ఇటువంటి ఊళ్లో ‘పోలీసు అమరవీరుల మార్గం’ అనే పొడుగాటి మాట ఎవరి నోట నిలుస్తుంది? ఆరు నెలలకు అది ‘పీఏఎం రోడ్డు’ అవుతుంది. ఆ మూడు అక్షరాలకు అర్థమేమిటో పక్కన బడ్డీకొట్టు పెట్టుకున్నవాడికి కూడా తెలియదు.

ఇంతకుముందు చేసిన గౌరవాలు ఎలా ఉన్నాయో కూడా చూశాను. నేను రోజూ నడిచే దారిలో విధి నిర్వహణలో చనిపోయిన ఒక కానిస్టేబుల్ స్మారకంగా వేసిన నల్లరాతి ఫలకం ఉంది. ఆవిష్కరించినవారి పేరు అరచేయంత అక్షరాల్లో, అధ్యక్షత వహించినవారిది అంతకు కాస్త తక్కువగా, గౌరవ అతిథుల పేర్లు నాలుగు వరుసల్లో చెక్కారు. ఇవన్నీ పోను అడుగున మిగిలిన చోట్లో అసలు మనిషి పేరు ఇరికించారు. దానిలోనూ ఒక ఒత్తు తప్పు. మొన్న ఆ రాయికి ఫ్లెక్సీ కర్ర కట్టి, ఎవరిదో పుట్టినరోజు శుభాకాంక్షలు నిలబెట్టారు. ఆ కానిస్టేబుల్ తల్లి ఆ దారినే కూరగాయలకు వెళుతుంది.

అధికారుల జ్ఞాపకం కొంతలో కొంత నయం. 1999 సెప్టెంబరులో హైదరాబాద్‌లో నక్సలైట్ల కాల్పుల్లో మరణించిన ఐపీఎస్ అధికారి ఉమేశ్‌చంద్రకు ఎస్.ఆర్. నగర్ కూడలిలో విగ్రహం ఉంది, ఉండవలసిందే. ముంబయిలో కసబ్ తుపాకీ గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని తూటాలకు బలైన తుకారాం ఓంబ్లే హోదాలో ఏఎస్ఐ మాత్రమే. ఆయనకు అశోకచక్ర ఇచ్చారు, గిర్గాం చౌపాటీలో ప్రతిమ నిలిపారు. మరి 2008 జూన్ 29న ఒడిశాలోని బలిమెల జలాశయంలో పడవ మునిగి, కొండల మీదనుంచి మావోయిస్టులు కురిపించిన కాల్పుల్లో 38 మంది పోయారు కదా, వారిలో ఎక్కువమంది మన గ్రేహౌండ్స్ కుర్రాళ్లే కదా, వారిలో ఒక్కరి పేరైనా మన ఊళ్లో ఎంతమంది చెప్పగలరు? నేనూ చెప్పలేను, సిగ్గుగానే ఒప్పుకుంటున్నాను. 1922లో దామనపల్లి కనుమలో అల్లూరి దళం చేతిలో హతమైన స్కాట్ కవర్డ్, హైటర్ అనే తెల్ల పోలీసు అధికారుల సమాధులు మాత్రం నర్సీపట్నంలో నేటికీ ఉన్నాయి. మనల్ని ఏలినవాళ్లకు తమ పోలీసుల పేర్లు గుర్తుంచుకోవడం తెలిసింది.

పోనీ, చింతపల్లి మీదుగా పోయే 516ఈ రహదారికి ఈ పేరు పెట్టమని మా పార్కు మిత్రుడొకాయన అన్నారు. వద్దన్నాను. ఏజెన్సీలో ఖాకీ దుస్తులంటే అన్ని గూడేలకూ ఒకే జ్ఞాపకం లేదు. మొత్తం బలగం పేరును అక్కడి రోడ్డుకు తగిలిస్తే కొందరికి అది బెదిరింపులా వినిపిస్తుంది. ఒక మనిషి పేరైతే ఆ చిక్కుండదు. నా వాదనకు అదీ ఒక కారణం.

మా అమ్మాయి కాలిఫోర్నియాలో ఉంటుంది. అక్కడ విధి నిర్వహణలో చనిపోయిన పోలీసు పేరు పెట్టాలంటే శాసనసభలో తీర్మానం చేస్తారు. ఆయన ఎక్కడ పుట్టాడు, ఎలా పోయాడు, వెనుక ఎవరెవరున్నారు అన్నది ఆ తీర్మానంలోనే రాస్తారు. రహదారి మొత్తం కాదు, ఫలానా చోటునుంచి ఫలానా చోటిదాకా ఒక ముక్క. నంబరు మారదు, ఎవరి చిరునామా మారదు. బోర్డు మీద హోదా, పేరు ఉంటాయి తప్ప పెట్టించినవారి పేరుండదు. బోర్డు ఖర్చు కూడా ఖజానా మీద పడకుండా విరాళాలతో తీరుస్తారు.

మన దగ్గర అలా చేయడానికి అడ్డమేమిటి? జాతీయ రహదారి కేంద్రం చేతిలోది. వేదిక మీద మాట ఇచ్చిన పెద్దమనిషి ఇంతవరకు కేంద్రానికి ఉత్తరమైనా రాశారా? హనుమంతవాక నుంచి మద్దిలపాలెం దాకా ఉన్న ముక్క చాలు. దానికి ఒక కానిస్టేబుల్ పేరు, కుటుంబం అనుమతితో, ఒత్తులు తప్పు పోకుండా రాయండి. లారీ కింద పడి పోయిన ట్రాఫిక్ కానిస్టేబుల్‌ను అమరవీరుల లెక్కలో వేస్తారో లేదో నాకు అర్థం కాదు గాని, ఈ రోడ్డు మీద పేరు పెట్టదగ్గవాడు ముందు అతడే. అతని స్థానంలో ఇప్పుడు డ్యూటీ చేస్తున్న కుర్రాడు వైశాఖ మాసపు ఎండలో డివైడర్ మీద నిలబడి, నీడ కోసం సిగ్నల్ స్తంభం వెనక్కి జరుగుతూ ఉంటాడు. ఆ స్తంభం నీడ జానెడు. అతనికొక గొడుగు ఇవ్వడానికి ఏ తీర్మానమూ అక్కర్లేదు.

బోర్డు ఖర్చుకు నా పింఛనులోంచి 1,000 రూపాయలు ఇస్తాను. రసీదు ఏ కార్యాలయంలో రాస్తారో మీ పత్రిక ద్వారా ఎవరైనా తెలియజేస్తే అక్కడికే వెళ్లి కడతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
ఇసుకతోట, విశాఖపట్నం.