షిఫ్ట్ పాయింట్ల వ్యాసాన్ని సరిదిద్దండి

సంపాదకులకు,

ఆటోమేటిక్ కార్లలో గేరు మారే చోట్లను (షిఫ్ట్ పాయింట్లను) మార్చే ట్యూనింగ్ మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసానికి సవరణ వేస్తారేమోనని పది రోజులు చూశాను. వేయలేదు. "గేరు మారే ఆర్‌పీఎం ఎంత పెంచితే కారు అంత వేగం" అన్న ఒక్క వాక్యం చాలు, ఎన్నో గేర్‌బాక్సులు పాడవడానికి.

మీరు చూపిన ఫోక్స్‌వ్యాగన్ వర్టూస్ 1.5 టీఎస్‌ఐ కారునే తీసుకోండి. దాని 150 పీఎస్ శక్తి 5000 నుంచి 6000 ఆర్‌పీఎం మధ్య అందుతుంది, ఆపైన తగ్గుతుంది. షిఫ్టును 6800కి జరిపితే మోత పెరుగుతుంది గానీ బండి ముందుకు దూకదు. ఎక్కడ మారాలో లెక్క కట్టాలి. రెండో గేరు నిష్పత్తి 2.1, మూడోది 1.5 అనుకుందాం. 6000 దగ్గర మారితే ఇంజిన్ సుమారు 4300కి పడుతుంది. ఆ రెండు చోట్లా డైనో గ్రాఫు (ఇంజిన్ శక్తిని కొలిచే యంత్రం గీసేది) చూపే టార్క్‌ను, అంటే తిప్పే బలాన్ని, ఆయా నిష్పత్తులతో హెచ్చవేసి పోల్చాలి. పై గేరు లెక్క కింది గేరు లెక్కను దాటే చోటే మార్చాలి. ప్రతి గేరుకూ ఈ అంకె వేరు.

అసలు ప్రమాదం మాట వ్యాసంలో లేనే లేదు. ఆ కారులోని డీక్యూ200 అనే, ఆయిల్‌లో మునగని పొడి క్లచ్‌ల గేర్‌బాక్సు టార్క్ పరిమితి 250 న్యూటన్ మీటర్లు. కంపెనీ నుంచి వచ్చేటప్పటికే ఇంజిన్ 250 ఇస్తోంది. ఇక మిగులేది? రీమ్యాప్‌తో, అంటే ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చి, టార్క్ పెంచి, గేర్‌బాక్సు కంప్యూటర్‌కు పాత అంకెలే చేరేలా వదిలేస్తే అది క్లచ్‌ను పాత ఒత్తిడితోనే బిగిస్తుంది. క్లచ్ జారుతుంది, కాలుతుంది. గేరు మారే క్షణంలో ఇంజిన్ టార్క్‌ను తగ్గించే ఏర్పాటును, గేరు గట్టిగా పడాలని తీసేసేవాళ్లూ ఉన్నారు. అది మరీ ఘోరం.

క్లచ్‌కు బదులు ఆయిల్ ద్వారా శక్తిని అందించే టార్క్ కన్వర్టర్ బళ్లలో మరో మెలిక ఉంది. ఆదేశం వెళ్లాక గేరు పడటానికి 0.15 సెకను పట్టి, మొదటి గేరులో ఇంజిన్ సెకనుకు 2500 ఆర్‌పీఎం చొప్పున ఎగబాకుతుంటే ఈలోగా 375 పెరుగుతుంది. 6200 దగ్గర మారాలంటే ఆదేశం 5800కే వెళ్లాలి. లేకపోతే ఇంజిన్ వేగానికి కళ్లెం వేసే రెవ్ లిమిటర్‌కు కొట్టుకుంటుంది. పై గేరుకు ఎక్కే వేగానికీ కిందికి దిగే వేగానికీ మధ్య ఎడం లేకపోతే శ్రీశైలం ఘాట్‌లో బండి మూడుకూ నాలుగుకూ మధ్య ఊగిసలాడుతూ ఆయిల్‌ను వేడెక్కిస్తుంది. టైరు సైజు మార్చినవాళ్లు ముందు స్పీడు లెక్క సరిచేయకపోతే గేర్లు మారే పట్టికంతా తప్పే. కంపెనీ ఇచ్చిన అసలు సాఫ్ట్‌వేర్ ఫైలు దాచుకుని, ఒక్కోసారి 100 ఆర్‌పీఎం మాత్రమే మార్చి, లాగ్ (బండి నమోదు చేసే అంకెలు) చూసుకుంటూ వెళ్లాలి. ఇంతటి పనిని మీరు ఒక్క వాక్యంలో తేల్చేశారు.

రవాణా శాఖదీ అదే తీరు. 2019 సవరణ తర్వాత అనుమతి లేని ఒక్కో మార్పుకు రూ.5000 జరిమానా చట్టంలో ఉంది. తనిఖీల్లో మాత్రం సైలెన్సర్లు, నల్ల ఫిల్ములు దాటి చూపు పోదు. సాఫ్ట్‌వేర్ మార్చిన బండి సెకండ్ హ్యాండ్‌లో చేతులు మారితే, క్లచ్ పోయేదాకా కొన్నవారికి తెలిసే దారి లేదు. ఏ అంకెను ఎంతకు మార్చారో వర్క్‌షాపు రాసి సంతకం చేసి ఇవ్వాలని నిబంధన పెట్టడానికి అడ్డేమిటి?

ఆ వాక్యాన్ని వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో సరిదిద్దండి. 250 అన్న అంకెను కూడా తప్పక వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, విజయవాడ