పటం కింద మూడు పేర్లు

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్న హైదరాబాద్‌లో పాత కళావస్తువులు సేకరించే ఒక పెద్దమనిషి ప్రసంగానికి వెళ్లొచ్చాను. ఏళ్ల తరబడి పోగేసిన చేర్యాల పటాలను, అంటే మా జిల్లా చేర్యాలలో నకాశీలనే చిత్రకారులు బట్ట మీద గీసే కథల బొమ్మలను, తెర మీద ఒక్కొక్కటే చూపిస్తూ గంటన్నర మాట్లాడారు. ఆయన మీద ఫిర్యాదు చేయడానికి కాదు ఈ ఉత్తరం. ఆ గంటన్నరలో వినపడని సంగతి ఒకటి, ఆ పటం ఎవరిదో చెప్పే పేరు, మన మ్యూజియంలలోనూ కనపడదు. నా బాధ దాని గురించి.

ప్రసంగం ఇంగ్లండ్ నుంచి మొదలైంది. ఫ్యాక్టరీ సరుకుతో విసిగిన విలియం మారిస్ లాంటివాళ్లు చేతిపనికి మళ్లీ మర్యాద తేవాలని నడిపిన ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ ఉద్యమం కథ చెప్పారు. ఆ ఉద్యమం వాళ్ల సంఘం 1888లో వాల్టర్ క్రేన్ అధ్యక్షతన లండన్‌లో మొదటి ప్రదర్శన పెట్టింది. అప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నారట: కంపెనీ పేరుతో సరిపెట్టకుండా నమూనా గీసినవారి పేరు, చేత్తో చేసినవారి పేరు కూడా కేటలాగులో అచ్చు వేయాలని. కళా చరిత్రకారుడు ఆనంద కుమారస్వామికీ ఆ గాలి సోకింది. సింహళ చేతిపనుల మీద ఆయన రాసిన పుస్తకం 1908లో అచ్చయింది మారిస్ వాడిన ముద్రణ యంత్రం మీదే. ఇదంతా ఎంతో ఇష్టంగా చెప్పారాయన. నేనూ ఇష్టంగానే విన్నాను.

తర్వాత మన పటాలు వచ్చాయి. మొదటి పటం కింద ‘అజ్ఞాత చిత్రకారుడు’ అని ఉంది. రెండోదాని కిందా అదే. పదకొండు దాకా లెక్కపెట్టి వదిలేశాను. ఇంగ్లండ్ వడ్రంగికి పేరు ఉండాలని ఇప్పుడే కదా చెప్పారు, చేర్యాల నకాశీకి ఎందుకు లేదు?

ఇంకో పటం వచ్చింది. ఎర్రటి నేల, పులి మీద కూర్చున్న దేవుడు. కింద ‘పులివాహనంపై గ్రామదేవత’ అని రాశారు. నేను పద్మశాలి ఇంట్లో పుట్టినవాడిని. పులినెక్కినవాడు మా కులం మూలపురుషుడు భావనారుషి. తామర తూళ్ల నుంచి నూలు తీసి దేవతలకు బట్ట నేశాడని మా మార్కండేయ పురాణం చెబుతుంది. చిన్నప్పుడు మాకు కథ చెప్పే కూనపులివాళ్లు మా వాడకు వచ్చి పటం దించి ఆ కథ చెబితే, మా నాయన ఒళ్లో కూర్చుని రాత్రంతా విన్నాను. అసలు నిద్రపోయే ఉంటాను లెండి, కానీ పులి మాత్రం గుర్తుంది. ప్రసంగం అయ్యాక వెళ్లి సంగతి చెప్పాను. ఆయన వెంటనే కలం తీసి రాసుకున్నారు. అదీ మర్యాద.

ఇది చిన్న పొరపాటని దాటేయడానికి లేదు. చేర్యాల పటం గోడకు తగిలించుకునే బొమ్మగా పుట్టలేదు. కథ చెప్పి బతికే కుటుంబాలు తమ కథకు తగ్గట్టు నకాశీతో చెప్పి గీయించుకునేవి. కూనపులివాళ్లు పద్మశాలీలకు చెబుతారు. మాదిగలకు జాంబపురాణం చెప్పేది డక్కలివాళ్లు. కాకిపడగలవాళ్లది ముదిరాజులకు చెప్పే పాండవుల కథ. గౌండ్లకు, చాకళ్లకు, మంగళ్లకు ఎవరి పురాణం వారిది, చెప్పేవారు వేరు. ఏ ఊళ్లు ఎవరి వాటా అనేది కూడా తాతల నాడే తేలిపోయిన లెక్క. మూడడుగుల వెడల్పు, నలభై యాభై అడుగుల పొడవు ఉన్న ఆ బట్టను పట్టీ తర్వాత పట్టీగా విప్పుతూ, పుల్లతో చూపిస్తూ, పాడుతూ చెప్పేవారు. కులం పుట్టుక, దేవుళ్లతో చుట్టరికం, పెళ్లి, యుద్ధం అన్నీ దాంట్లోనే. చదువురాని వాడకు అదే చరిత్ర పుస్తకం. అందుకే ఆ పటం ఎవరిదో తెలియకపోతే అందులో బొమ్మ ఏమిటో తెలియదు. పులి మీద భావనారుషి గ్రామదేవత అయిపోయింది ఇలాగే.

గీయడం కూడా ఒంటి చేతి పని కాదు. ఖద్దరు బట్టకు సుద్దమట్టి, చింతగింజల అంబలి, గంజి, జిగురు కలిపిన పూత మూడుసార్లు పట్టించి ఆరబెట్టాలి. ఎరుపుకు ఇంగిలీకం, పసుపుకు పేవుడి, నలుపుకు దీపం మసి. ఉడుత వెంట్రుకల కుంచె. ఇంట్లో ఆడవాళ్లు బట్టకు పూత పెట్టి, రంగు నింపితే పెద్దాయన గీత తేల్చేవాడు. ఆ ఆడవాళ్ల పేర్లు సేకరణకర్త చీటీ మీదే కాదు, అవార్డు పత్రం మీద కూడా ఎక్కడం అరుదు.

సేకరణకర్తలను తిట్టడం సులువు. కానీ పాతబడి చిరిగిన పటాన్ని పూజ చేసి నీళ్లలో వదిలేయడం కథకుల ఆచారం. సినిమా వచ్చి, టీవీ వచ్చి కథ చెప్పించుకునే వాడలే తగ్గిపోయాక, అమ్ముకున్నవే మిగిలాయి, అమ్ముకోనివి ఏట్లో కలిశాయి. హైదరాబాద్‌లోని జగదీష్, కమలా మిట్టల్ మ్యూజియంలో 1625 నాటి పద్మశాలి పటం ఇవాళ్టికీ ఉందంటే అది సేకరించినవారి పుణ్యమే. నాలుగు వందల ఏళ్ల నాడు మా కథ ఎలా ఉండేదో ఇంకెక్కడ చూస్తాం? నీళ్లలో కలపాల్సినదాన్ని డబ్బిచ్చి కొనడం తప్పా ఒప్పా అని సభలో ఒకాయన అడిగారు. నా మట్టుకు నాకు ఒప్పే. కొన్నప్పుడు అమ్మినవాడిని నాలుగు మాటలు అడిగి రాసుకోకపోవడం మాత్రం తప్పు.

రాసుకుంటే ఏమవుతుందో శ్రీకాళహస్తిలో చూశాం. అడుగంటిపోతున్న కలంకారీకి కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో 1950ల చివర అక్కడ శిక్షణ కేంద్రం పెట్టారు. నేర్పేవాడు ఎవరు, నేర్చుకున్నవాడు ఎవరు అన్నది కాగితం మీదికి వచ్చింది. జొన్నలగడ్డ లక్ష్మయ్య పేరు తెలుసు, ఆయన కొడుకు గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చిందనీ తెలుసు. అదే మచిలీపట్నం అద్దకానికి వస్తే, పెడనలో టేకు చెక్క మీద ఆ అచ్చులు చెక్కేవాడి పేరు దుప్పటి కొన్న ఎవరికి తెలుసు?

చేర్యాలకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చిందని మనం సంబరపడ్డాం. ఆ గుర్తింపు ఊరికి. చట్టంలో అధీకృత వినియోగదారుగా చేసేవారు విడివిడిగా నమోదు చేసుకునే వీలుంది. ఆ నమోదు పేరును సర్కారు దుకాణంలో అమ్మే ప్రతి బొమ్మ వెనకా, ప్రతి ముఖం బొమ్మ వెనకా అతికించడానికి ఎంత ఖర్చవుతుంది? కొబ్బరి చిప్ప మీద చింతగింజల ముద్దతో అంత ముచ్చటైన ముఖం చేసినవాడి ఊరు పేరు ఉంటే కొన్నవాడు మళ్లీ నేరుగా వాడి గుమ్మానికే పోతాడు. దళారులకు నచ్చనిదీ అదేనేమో.

ఇక మ్యూజియంలు. మా మనవరాలిని తీసుకెళ్లిన ఒకచోట పటం కింద ఇంగ్లీషులో రెండే ముక్కలున్నాయి: బట్ట మీద బొమ్మ, శతాబ్దం. ‘తాతా, ఇది ఏ కథ?’ అని పిల్ల అడిగితే చెప్పడానికి నేనున్నాను. నేను లేనివాళ్ల సంగతేమిటి? ఆ చీటీ మీద తెలుగులో మూడు పేర్లు ఉండాలని నేనడిగేది: గీసింది ఏ ఇంటివాళ్లు, గీయించుకుంది ఏ కథకులు, కథ ఎవరిది. మనిషి పేరు దొరకనిచోట కనీసం ఇంటి పేరు, ఊరు. చాలావాటికి ఇప్పుడు కూడా దొరుకుతాయి. చేర్యాలలో దనాలకోట ఇంటివాళ్లు ఈ పని ఇప్పటికీ చేస్తున్నారు. గీత చూసి తాత చెయ్యో చిన్నాయన చెయ్యో పోల్చగలవాళ్లు ఉన్నారు. కూనపులి, డక్కలి ఇళ్లలో పటం విప్పగలిగిన ముసలివాళ్లు ఇంకా మిగిలి ఉన్నారు. రాష్ట్ర పురావస్తు శాఖ ఇద్దరు ఉద్యోగులను, ఒక కెమెరాను ఇచ్చి, మ్యూజియంలలోని పటాల ఫొటోలు పట్టుకుని ఈ ఇళ్లకు పంపితే చాలు. వచ్చినవాళ్లకు రోజు కూలీ కూడా ఇవ్వాలి. తమ కథ తాము చెప్పడానికి వచ్చినవాళ్లను ఊరికే కూర్చోబెట్టుకోకూడదు.

ప్రైవేటు సేకరణకర్తలను ఒత్తిడి చేయడం ప్రభుత్వానికి కుదరదు, నిజమే. కానీ మొన్నటి పెద్దమనిషి చాయ్ తాగుతూ తన పటాల ఫొటోలన్నీ ఇస్తానన్నారు, పేర్లు దొరికితే చీటీలు మారుస్తానన్నారు. మాట మీద నిలబడితే వచ్చే నెల నేనే ఆ ఫొటోలు తీసుకుని మా ఊళ్ల వైపు కూనపులివాళ్ల ఇంటికి వెళ్తాను. ఆ ఇంటి ముసలాయన చూపు మందగించిందని విన్నాను. ఫొటోలు పెద్దవిగా కడిగించమని ఆ పెద్దమనిషికి చెప్పాను.

— విశ్రాంత ఉపాధ్యాయుడు, సిద్దిపేట జిల్లా